‘వదినా, ఇంతకీ నేను హంతకుడినా?’

సంపాదకులు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ వ్యవసాయం పేజీ పైభాగంలో ‘రసాయన ఎరువుతో నేల చచ్చిపోతోంది’ అని, అంటే నేలలోని సూక్ష్మజీవులు చస్తున్నాయని, ఒక వ్యాసం వేశారు. అదే పేజీ కింది భాగంలో టమాటా, వంగ, ఉల్లి, క్యాబేజీలకు ఎకరానికి ఎన్ని కిలోల యూరియా, ఎన్ని కిలోల డీఏపీ (భాస్వరం ఎక్కువగా ఉండే ఎరువు) వేయాలో పట్టిక ఇచ్చారు. రెండింటికీ మధ్య ఒక సన్న గీత, అంతే. పైది నమ్మినవాడు కిందది చేయలేడు. కిందది చేస్తున్నవాడు పైది చదివితే ఆ రాత్రి నిద్రపోడు. మా మరిది రెండో రకం. పొద్దున్నే పేపరు మడిచి పట్టుకుని వచ్చి, “వదినా, ఇంతకీ నేను హంతకుడినా, కాదా?” అని అడిగాడు. ఒక్క మాటలో చెప్పడం నా వల్ల కాలేదు. అందుకే ఈ ఉత్తరం. పొడుగైందనిపిస్తే కత్తిరించుకోండి, కానీ నేల పులుపు, అంటే ఆమ్ల గుణం, గురించి రాసిన పేరాలు మాత్రం దయచేసి ఉంచండి.

నేను వ్యవసాయ శాస్త్రవేత్తను కాదు. 31 ఏళ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. రక్తం, మూత్రం, కఫం, చర్మం గీరిన పొట్టు, ఇవే నా ప్రపంచం. ఇప్పుడు ఇంటి వెనక అర ఎకరంలో కూరగాయలు వేసుకుంటున్నాను. పక్కనే మరిదిది ఎకరంన్నర. ఆయన డీఏపీ, యూరియా వేస్తాడు. నేను ఎక్కువగా కంపోస్టు, అక్కడక్కడ కాస్త యూరియా. ఒకరి చేలోకి ఒకరం తొంగి చూసి తల ఆడించుకోవడం మాకు అలవాటే. పాత మైక్రోస్కోపు ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కున్నాను. స్లైడు మీద చూడనిదే రిపోర్టు రాసే అలవాటు లేదు నాకు. మీ వ్యాసంలో స్లైడు ఎక్కడా కనిపించలేదు.

చర్మానికి తామర ఉందో లేదో చూడాలంటే గీరిన పొట్టు మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తాం. చర్మం కరిగి పారదర్శకమవుతుంది, ఫంగస్ దారాలు మిగిలి కనబడతాయి. మొక్క వేరుకీ దాదాపు అదే పద్ధతి పనిచేస్తుందని తెలిసిన రోజు నాకు చిన్నపిల్లలా సంబరమేసింది. సన్న వేళ్లను కడిగి, ఆ ద్రావణంలో కాసేపు మరిగించి, మళ్లీ బాగా కడిగి, ఫౌంటెన్ పెన్ను ఇంకు కలిపిన వెనిగర్‌లో మూడు నిమిషాలు మరిగిస్తే చాలు. వేరు గాజులా తేలిపోతుంది, లోపల ఫంగస్ ఉంటే అది నీలంగా నిలుస్తుంది. ఖరీదైన రంగులు అక్కర్లేదు.

నా మడిలో ఉల్లి వేరు మొదట పెట్టాను. కణాల మధ్య నుంచి నీలం దారాలు. కొన్ని కణాల లోపల ఆ దారమే చీలి, చీలి, చిన్న పొదలా అల్లుకుని ఉంది. అక్కడక్కడ కోడిగుడ్డు ఆకారంలో ఉబ్బిన సంచులు. వేరుతో పొత్తు పెట్టుకుని బతికే ఇలాంటి ఫంగస్‌ను మైకోరైజా అంటారు. ఆ మాట చాలాసార్లు చదివాను కానీ కంటితో చూడడం అదే మొదలు. తర్వాత మరిది మడిలో ఉల్లి. అదే వయసు, అదే విత్తనం. ముప్ఫై ముక్కలు చూస్తే నాలుగైదింటిలో ఒక దారం, అదీ పొద కట్టకుండా. మిగతావన్నీ ఖాళీ గాజు గొట్టాలు. ముప్ఫై ముక్కల లెక్కతో శాస్త్రం నిలబడదని నాకు తెలుసు. కానీ ఆ తేడా చూడటానికి కళ్లద్దాలు తుడుచుకోవాల్సిన అవసరం కూడా రాలేదు. మరిది మాత్రం “ఉల్లి వేరుకి కూడా కఫం పరీక్షలా వదినా!” అని నవ్వి, ఆ వెంటనే తనూ ఒక కన్ను మూసి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు.

ఆ ఫంగస్‌ను ఎవరు చంపారు? నాకర్థమైనంతవరకు చంపలేదు, మొక్కే పని మాన్పించింది. భాస్వరం మట్టిలో దాదాపు కదలని పదార్థం. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నది లాగేసుకున్నాక అక్కడ ఖాళీ ఏర్పడుతుంది. అవతల ఉన్నా అందదు. ఫంగస్ దారాలు వేరు కన్నా ఎన్నో రెట్లు సన్నం, ఆ ఖాళీ దాటి సెంటీమీటర్ల కొద్దీ పోయి భాస్వరం మోసుకొస్తాయి. బదులుగా మొక్క తన ఆకులో వండిన చక్కెరలు, కొవ్వులు ఇస్తుంది. ఉల్లికి వేళ్లు తక్కువ, వేరు మీద నూగు మరీ తక్కువ, అందుకే దానికి ఈ కూలీ అవసరం ఎక్కువ. భాస్వరం కరువైనప్పుడు వేరు కొన్ని రసాయనాలు వదిలి ఫంగస్‌ను పిలుస్తుంది. వాటిని స్ట్రైగోలాక్టోన్లు అంటారు, అవే ఫంగస్‌కు పిలుపు అని 2005లో తేలింది. డీఏపీ ధారాళంగా పడిన మడిలో మొక్కకు ఆ కరువే లేదు. పిలవదు. వచ్చినవాడికి జీతమూ ఇవ్వదు. మరిది నేలకు పరీక్ష చేయిస్తే భాస్వరం గడిలో ‘ఎక్కువ’ అని వచ్చింది. నత్రజనిలా అది నీళ్లతో కొట్టుకుపోదు కదా, ఏళ్ల తరబడి వేసింది వేసినట్టే పేరుకుంది. మీ పట్టిక ప్రకారం ఆయన ఈసారి కూడా మళ్లీ డీఏపీ వేయాలి.

ఇక్కడే నా పరువు పోయిన సంగతి ఒకటి చెప్పాలి. ఉల్లి చూసిన ఊపులో నా క్యాబేజీ వేళ్లు కూడా మరిగించాను. ఒక్క దారం లేదు. కంపోస్టు తప్ప ఏమీ వేయని మడి! ముల్లంగి చూశాను, లేదు. పాలకూర, తోటకూర, లేవు. రెండు రోజులు టెన్షన్. నా నేల కూడా చచ్చిందనే అనుకున్నాను. తర్వాత చదివితే తెలిసింది, క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, ఆవాల కుటుంబానికి ఈ ఫంగస్‌తో పొత్తే లేదట. పాలకూర, తోటకూర, బీట్‌రూట్‌ల కుటుంబానిదీ దాదాపు అదే దారి. ఎరువు వేసినా వేయకపోయినా వాటి వేళ్లలో అది కనబడదు. నేల మీద నెపం వేసే ముందు పంట ఏదో చూడాలని అప్పుడు బుద్ధి వచ్చింది. అన్నట్టు, ఇదే ఫంగస్ కలిపిన పొడి ప్యాకెట్లను క్యాబేజీకి కూడా వేయమని నాకు అమ్మినవారు ఉన్నారు. పేరు చెప్పను. నేనూ తీసుకున్నాను, అడగకుండా.

అలసంద కథ వేరు. చిక్కుడు జాతి మొక్కల వేళ్ల మీద బుడిపెలు ఉంటాయి, వాటిలో రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మారుస్తుంది. ఇది 1880లలోనే జర్మనీలో రుజువైంది. నేను ఒక వరుసకు యూరియా వేశాను, పక్క వరుసకు వేయలేదు. పూత మొదలయ్యాక రెండు వరుసల నుంచీ నాలుగేసి మొక్కలు తడి మట్టితో సహా తవ్వి, బకెట్ నీళ్లలో నెమ్మదిగా జాడించాను. యూరియా వేయని వేళ్ల మీద మిరియాల సైజు బుడిపెలు గుత్తులుగా ఉన్నాయి. బ్లేడుతో ఒకటి కోస్తే లోపల గులాబి రంగు, వేలికి అంటింది. ఆ రంగు లెగ్‌హీమోగ్లోబిన్‌ది. 31 ఏళ్లు మనుషుల హీమోగ్లోబిన్ కొలిచినదాన్ని, దాని చుట్టం చిక్కుడు వేరులో దొరికితే ఆశ్చర్యపోనా? యూరియా వేసిన వరుసలో బుడిపెలు ఆవగింజల్లా అక్కడొకటి ఇక్కడొకటి ఉన్నాయి, కోస్తే తెల్లగా ఉన్నాయి. మట్టిలో నత్రజని సిద్ధంగా దొరుకుతుంటే మొక్క బుడిపెలు కట్టే ఖర్చు పెట్టుకోదు. ఇక్కడా చావు లేదు, లెక్క ఉంది. యూరియా వరుస ఆకు ముదురాకుపచ్చగా బాగా కనిపించిందన్నది కూడా దాచను. కాయ మాత్రం రెండింటిలో ఒకటే అనిపించింది, తూకం వేయలేదు.

ఇక అసలు విషయం, పులుపు.

రక్తంలో యూరియా ఎంతుందో చూసే కిట్‌లో యూరియేస్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది యూరియాను విడగొట్టి అమ్మోనియా చేస్తుంది, ఆ అమ్మోనియాను మేం రంగు ద్వారా కొలుస్తాం. 1926లో సమ్నర్ అనే ఆయన ఈ ఎంజైమ్‌ను తమ్మకాయ జాతి గింజల నుంచి స్ఫటికంగా తీసి చూపించాడు, తర్వాత నోబెల్ కూడా వచ్చింది. మట్టిలో ఈ పని చేసేది ఎక్కువగా సూక్ష్మజీవులే. మీరు యూరియా గుళిక వేస్తారు, వెచ్చటి తడి నేలలో కొద్ది రోజుల్లో అది అమ్మోనియాగా విడిపోతుంది. ఆ గుళిక చుట్టూ ఉన్న కాస్త మట్టి ముందు బాగా క్షారమవుతుంది. అమ్మోనియా ఘాటు, ఉప్పు గాఢత కలిసి అక్కడి జీవులను నిజంగానే దెబ్బతీస్తాయి. మీ వ్యాసకర్త చెప్పిన చావు ఇదొక్కటే. అది ఉన్న మాటే, కానీ గుళిక చుట్టుపక్కలకే, కొద్ది వారాలకే. పక్క మట్టి నుంచి జనం మళ్లీ వచ్చి ఆ ఖాళీ నింపుతారు. లేత వేరు సరిగ్గా అక్కడే ఉంటే మాత్రం దానికి ఆ కొద్ది వారాలు ఉండవు.

తర్వాత రెండో అంకం. అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చి బతికే బాక్టీరియా ఉంది. నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్ పేర్లు బడిలో విన్నవే. వీటికి యూరియా అంటే పండగ, సంఖ్య పెరుగుతుంది. అంటే ఎరువు వాటిని చంపడం అటుంచి, మేపుతోంది. కానీ ఆ మార్పు జరిగేటప్పుడు ఆమ్లం పుడుతుంది. పుట్టిన నైట్రేట్‌ను మొక్క తాగేస్తే ఆ పులుపు చాలావరకు సర్దుకుంటుంది, ఎందుకంటే నైట్రేట్ తీసుకునే వేరు బదులుగా క్షారాన్ని బయటికి వదులుతుంది. మొక్క తాగలేక మిగిలిన నైట్రేట్ నీళ్లతో లోతుకు జారిపోతుంది, దాని తాలూకు పులుపు మాత్రం పైమట్టిలోనే ఉండిపోతుంది. కూరగాయల చేలో ఇది మరీ ఎక్కువ. వేళ్లు పైపైనే, పంట కాలం కొద్ది నెలలే, తడులు దగ్గర దగ్గర. పైగా ధర పలికే పంట కదా అని ఇంకో పిడికెడు వేసే చెయ్యి. అమ్మోనియం సల్ఫేట్ అయితే అంతే నత్రజనికి యూరియా కన్నా ఎక్కువ పులుపు చేస్తుంది.

పులుపు కొలిచే పీహెచ్ నా మడిలో 6.7 వచ్చింది. మరిదిది 5.4. చూడటానికి పెద్ద తేడాలా ఉండదు, కానీ ఈ కొలమానంలో ఒక అంకె తగ్గితే ఆమ్లం పది రెట్లు. 5.5 దిగితే మట్టిలో కట్టుబడి ఉన్న అల్యూమినియం కరగడం మొదలుపెట్టి వేరు కొనలను కుంగదీస్తుంది. బాక్టీరియా ఎదుగుదల తగ్గుతుంది, పులుపు ఓర్చుకునే ఫంగస్‌ల వాటా పెరుగుతుంది. వాటిలో అన్నీ మంచివి కావు. టమాటా ఎండు తెగులు తెచ్చే ఫ్యుజేరియం, క్యాబేజీ వేళ్లను గదల్లా ఉబ్బించే తెగులు, రెండూ పులుపు నేలల్లోనే రెచ్చిపోతాయి. బంగాళాదుంప మీద గరుకు మచ్చలు తెచ్చే బాక్టీరియాకు మాత్రం పులుపు గిట్టదు. కాబట్టి సున్నం చల్లితే అన్నీ బాగుపడతాయని కూడా రాయలేం. మరిది టమాటా రెండేళ్లుగా వడలిపోతోంది. కారణం ఇదొక్కటే అని రిపోర్టు మీద సంతకం పెట్టను, కానీ అనుమానితుల జాబితాలో ఇది పైనే ఉంది.

నేల నిజంగా చచ్చినట్టు ఉండే చోటు చూడాలనుకుంటే ఇంగ్లండ్‌లో రోథమ్‌స్టెడ్ అనే పరిశోధనా క్షేత్రంలో ఒక గడ్డి మైదానం ఉంది. 1856 నుంచి అక్కడ ఒక్కో ముక్కకు ఒక్కో ఎరువు వేస్తూ వస్తున్నారు. సున్నం లేకుండా అమ్మోనియం సల్ఫేట్ ఎక్కువ మోతాదులో పడిన ముక్కల్లో పీహెచ్ 4 కన్నా కిందికి దిగింది. అక్కడ ఎండిన గడ్డి కుళ్లదు. కుళ్లబెట్టేవాళ్లు లేక ఏటికేడు పరుపులా పేరుకుంటుంది. అది కూరగాయల మడి కాదు, నిజమే, కానీ పులుపు ఎంతదాకా తీసుకెళ్తుందో అక్కడ కంటికి కనబడుతుంది. సున్నం వేసిన పక్క ముక్కలో అదే ఎరువు పడినా ఆ పరుపు లేదు. మీ వ్యాసంలో ఎరువు ఉంది కానీ ఈ సున్నం ముక్క లేదు.

ఇంకొకటి. వివిధ దేశాల్లో ఏళ్ల తరబడి నడిచిన 64 పొలం ప్రయోగాలను కలిపి 2014లో ఇద్దరు పరిశోధకులు లెక్క తీశారు. ఏమీ వేయని మడి కన్నా రసాయన ఎరువు వేసిన మడిలో సూక్ష్మజీవుల మొత్తం బరువు సగటున 15 శాతం ఎక్కువే ఉంది. ఆశ్చర్యం అక్కర్లేదు. పంట పెరిగితే వేరు పెరుగుతుంది, వేరు వదిలే చక్కెరలు పెరుగుతాయి, పంట తీశాక మిగిలే మోళ్లు పెరుగుతాయి. తినేవాళ్లకు తిండి దొరుకుతుంది. పీహెచ్ 5 కన్నా కిందికి దిగిన నేలల్లో మాత్రం లెక్క తిరగబడి, బరువు తగ్గే వైపుకు మొగ్గింది. ఇక మొత్తం బరువు పెరిగినంత మాత్రాన లోపలి జనం అదే జనం అని కాదు. ఎవరు పెరిగారు, ఎవరు తగ్గారు అన్నది వేరే సంగతి. నా ఉల్లి స్లైడులో చూసింది అదే.

‘సేంద్రియం అయితే చాలు’ అనేవారితోనూ నాకు పేచీ ఉంది. ఒకసారి మాగని కోళ్ల ఎరువు మిరప నారు మొదళ్లలో వేశాను. వాసనకే కళ్లు మండాయి. ఐదో రోజుకు నారు అంచుల నుంచి మాడిపోయింది. అమ్మోనియా ఏ సంచిలోంచి వచ్చినా అమ్మోనియానే. నత్రజని లెక్క చూసుకుని కోళ్ల ఎరువు వేస్తూ పోతే భాస్వరం అవసరానికి మించి పేరుకుంటుంది, డీఏపీ చేసే పనే చేస్తుంది. ఇంకో తెలివితక్కువ పని కూడా చేశాను. అజోస్పిరిల్లం అనే నత్రజని బాక్టీరియా పొడిని డీఏపీతో కలిపి ఒకే బకెట్‌లో తెచ్చి చల్లాను, రెండు తిరుగుళ్లు ఎందుకని. బతికున్న బాక్టీరియాను ఉప్పులో కలపకూడదని ల్యాబ్‌లో పనిచేసినదానికి ఎవరో చెప్పాలా? బాగా మాగిన పశువుల ఎరువులో కలిపి చల్లి, రసాయన ఎరువు కొన్ని రోజులు ఆగి వేయాల్సింది.

అందుచేత మా మరిదికి నేనిచ్చిన రిపోర్టు ఇది: నువ్వు హంతకుడివి కాదు, కానీ లెక్కాపత్రం లేకుండా పెట్టినవాడివి. హాని ఎక్కువగా మిగులులో ఉంది. ఈ ఏడాది ఉల్లికి డీఏపీ ఆపించాను, భాస్వరం ఎలాగూ కుప్పలుగా ఉంది. నత్రజనిని ఒకేసారి కాకుండా మూడు దఫాలుగా, మొదలుకు బెత్తెడు దూరంలో సన్న గాడిలో వేసి మట్టి కప్పాడు. పరీక్ష రిపోర్టులో రాసినంత సున్నం వేశాడు, గుప్పెడు కూడా ఎక్కువ వేయనివ్వలేదు. ప్రతి పంటకూ కంపోస్టు మాత్రం తప్పదని ఒప్పించాను, ఎందుకంటే యూరియా సంచిలో నత్రజని ఉంది కానీ సూక్ష్మజీవికి శక్తినిచ్చే కర్బన తిండి లేదు. ఉల్లి దిగుబడి తగ్గలేదు. వేళ్లు మళ్లీ మరిగించి చూశాను. దారాలు వచ్చాయి, నా మడిలో ఉన్నన్ని లేవు. ఒక్క పంటకు అంతకన్నా ఆశించడం అత్యాశ.

మీకు నా మనవి ఒక్కటే. ఆ పట్టిక వేయడం మానేయమనను, అది లేకపోతే చాలామందికి ఆధారం ఉండదు. కానీ అందులో పంట పేరుకు పక్కన నేల గురించి ఒక్క గడి కూడా లేదు. పీహెచ్ ఇంత కన్నా తక్కువైతే ఏం చేయాలి, భాస్వరం ‘ఎక్కువ’ అని వస్తే డీఏపీ గడిలో ఏం రాయాలి, ఈ రెండు గడులు చేర్చండి. మేం పేషెంటును చూడకుండా, రక్తం తీయకుండా, “40 ఏళ్ల వాళ్లందరికీ రోజుకు రెండు మాత్రలు” అని ఎప్పుడూ రాయలేదు. పై వ్యాసం రాసినవారికి కూడా నా నమస్కారాలు చెప్పండి. ఆయన ఆవేదన నిజమైనదే. ఇంకు, వెనిగర్ పద్ధతి కావాలంటే రాసి పంపిస్తాను.

ఈ ఉత్తరం ముగిస్తుండగా మరిది ఒక డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లాడు. కఫం పరీక్షకు వాడే డబ్బానే, నా దగ్గర మిగిలినవి ఆయనకే ఇచ్చాను. లోపల తడి గుడ్డలో చుట్టిన వెల్లుల్లి వేళ్లు. మూత మీద పెన్సిల్‌తో ‘అర్జెంటు’ అని రాసి ఉంది. ఇంకు సీసాలో అడుగు కనబడుతోంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్
(పేరు ప్రచురించవద్దని మనవి. మరిది పేరు అసలే వద్దు.)